పాచికి మందు

ఆకుపచ్చ వెలుతురు గోడ మీద వణుకుతోంది.

టక్.

పోయింది.

టక్.

మళ్లీ వచ్చింది.

పొద్దు గూకినప్పటి నుంచి ఇదే పని. స్వరూప ఆర్పుతుంది. వంటింట్లోకి పోతుంది. కూర కలిపి వచ్చేసరికి అత్త ఈదమ్మ వేసి ఉంటుంది. వేసి, ఏమీ ఎరగనట్టు గడప పక్కన కూర్చుని వక్క నములుతూ ఉంటుంది.

ముందు గదిలో, కుట్టుమిషను పక్కన, గాజు తొట్టి. తొట్టి మీద లైటు. లైటు మీద ఇద్దరి కళ్లు.

"దీపం పెట్టే యాళ్లకు ఇంట్ల దీపం ఆర్పుతరానె ఎవరన్న?" అంది ఈదమ్మ. కొత్త మాట కాదు. నిన్నటిదే, మొన్నటిదే.

"అది దీపం కాదత్తా. మొక్కలకు ఎండ. వాటికి పొద్దు గూకింది."

"నీ గడ్డికి పొద్దు గూకేది నువ్వు చెప్తవా, సూర్యుడు చెప్తడా?"

టక్.

చీకటి. చీకట్లో నీళ్లు తిప్పే ఫిల్టరు చిన్నగా గొణుగుతోంది. ఈ ఇంట్లో అదొక్కటే ఎవరి మీదా కాకుండా గొణిగేది.

స్వరూప లైటు ఆర్పేది పంతానికి కాదు. మొక్కకు ఎంత వెలుతురు కావాలో అంతే ఇవ్వాలి. అంతకు మించినది పాచి తింటుంది. తొట్టిలో ఏదీ ఊరికే మిగలదు. మిగిలిన వెలుతురు పాచి. మిగిలిన మేత పాచి. కుళ్లిన ఆకు పాచి.

చెప్పింది. అత్తకు చెప్పింది, కూతురు పూజకు చెప్పింది, గోడకు చెప్పింది.

గోడే కొంచెం విన్నది.

ఆ తొట్టి ఆమె కొన్నది కాదు. పక్కింట్లో అద్దెకున్న బ్యాంకు మేడమ్ బదిలీ మీద గద్వాల విడిచి పోతూ వదిలేసింది. సామాన్ల లారీ వాళ్లు పగిలితే మాకు సంబంధం లేదన్నారట. ఉత్త తొట్టి. లోపల ఎండిన తెల్లటి చారలు. స్వరూప చింతపండుతో తోమి తెచ్చుకుంది. చేపలు వేసింది. చచ్చిపోయాయి. మళ్లీ వేసింది. మళ్లీ చచ్చిపోయాయి. నీళ్లను నింపడం వేరు, నీళ్లను కుదుర్చుకోవడం వేరు అని ఫోనులో వీడియోలు చూసి చూసి తెలుసుకుంది. ముందు ఇసుక. ముందు మొక్క. నీళ్లు కుదురుకోవాలి. కుదురుకున్నాకే ప్రాణం.

బీచుపల్లి రేవు నుంచి ఇసుక. జూరాల కాలువ గట్టు నుంచి రిబ్బను లాంటి నీటిగడ్డి. కర్నూలు అంగడి నుంచి మందపాటి ఆకుల చిన్న మొక్క. దాన్ని ఇసుకలో నాటితే కుళ్లిపోతుంది, రాయికి కట్టాలి. జాకెట్లకు హుక్కులు కుట్టే దారంతోనే కట్టింది. నెలలు పోయాక చూస్తే దారం ఎక్కడుందో తెలియలేదు. మొక్కే రాయిని పట్టుకుంది.

తర్వాత నత్తలు. తర్వాత తోకలు రుమాళ్లలా ఊపే గప్పీ చేపలు.

ఒక వానకాలం గడిచేసరికి తొట్టిలో ఒక అడవి. గడ్డి పైదాకా పెరిగి, నీటి మీద వాలి, ఫిల్టరు తోసినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతుంది. ఆకుల కింద సన్నటి బుడగలు. ఎర్రటి తోక ఒకటి మెరుస్తుంది, దాక్కుంటుంది.

ఆ ఇంట్లో ఆమె చెప్పినట్టు పెరిగినవి అవే.

పాచి మాత్రం ఎవరు చెప్పినట్టూ వినదు.

మొదట అద్దం మీద పచ్చటి పొడి. తర్వాత ఆకుల అంచున నూలు. తర్వాత జుట్టు. వదిలేస్తే జడ. స్వరూప పాత పళ్ల బ్రష్షు ముంచి, బాబిన్‌కు దారం చుట్టినట్టు చుట్టి లాగేది. మేత తగ్గించేది. వారం వారం కొంత పాత నీరు తీసి కొత్త నీరు పోసేది. మొక్కల కొసలు కత్తిరించి మళ్లీ నాటేది. మొక్క బాగా తింటే పాచికి మిగలదు. అంతే. అంతకన్నా మందు లేదు.

మందు లేదు. ఓపికే.

కానీ ఓపికకు ఎదురుగా ఒక ఇల్లు ఉంది.

ఆమె వంటింట్లో ఉన్నప్పుడు లైటు వెలుగుతుంది. ఆమె అంగడికి పోయినప్పుడు అన్నం మెతుకులు తొట్టిలో మునుగుతాయి. "చేపలకు ఆకలైతది గదానె, నోరులేనియి," అంటుంది ఈదమ్మ. నోరున్న కోడలికి ఆకలైందా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. మెతుకులు ఉబ్బుతాయి. తెల్లబడతాయి. రెండు రోజులకు వాటి మీద పచ్చటి బొచ్చు.

స్వరూప తీస్తుంది. అత్త వేస్తుంది. స్వరూప తీస్తుంది.

ఇక నాగేశ్...

నాగేశ్ ఆమె మొగుడు. పొలం వడ్డేపల్లి దగ్గర, కాలువ కొసన. కొసన ఉన్నవాడికి పైవాళ్లు తాగి వదిలిందే నీళ్లు. మొన్నటి యాసంగిలో, ఎండాకాలం పంటకు, ఏమీ వదల్లేదు. వరి పొట్ట మీద ఉండగా మడి పగిలింది. పగులులో చెయ్యి దూరేంత పగిలింది. అతను ఆ మధ్యాహ్నం మోటారు సైకిలు దిగి ఇంట్లోకి వచ్చేసరికి, స్వరూప తొట్టిలోంచి తీసిన పాత నీళ్ల బకెట్టు కరివేపాకు చెట్టుకు పట్టుకుపోతోంది.

అతను గడపలో నిలబడ్డాడు. బకెట్టు చూశాడు. తొట్టి చూశాడు. అంచుల దాకా నీళ్లు. నీళ్లలో గడ్డి.

"నా పైరుకు లేని నీళ్లు నీ గడ్డికున్నయా," అన్నాడు.

బకెట్టును కాలితో తన్నాడు.

నీళ్లు గచ్చంతా పారి, అతని పాదాల కిందే ఆగాయి. అప్పుడు ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "నీ పొలం ఎండింది నా తొట్టి వల్లనా?" అంది స్వరూప.

ఆ రోజు నుంచి మాట లేదు.

మాట లేదంటే ఇంట్లో మాట లేదని కాదు. మాట చుట్టు తిరిగి వస్తుంది. "పూజా, మీ నాయినను అన్నానికి రమ్మను." నాయిన పక్క గదిలోనే ఉంటాడు. "అమ్మా, అంగీ గుండీ ఊడిందని ఆమెకు చెప్పు," అని నాగేశ్ ఈదమ్మతో అంటాడు. ఆమె మిషను మీదే ఉంటుంది. డిగ్రీ చదివే పూజ, ఫోనులోంచి తల ఎత్తకుండానే అటు మాట ఇటు, ఇటు మాట అటు పెడుతుంది. పోస్టు డబ్బాలా. ఈదమ్మ మాత్రం ప్రతి మాటకూ కొంచెం కారం కలిపి అందిస్తుంది.

అతను కుర్చీని తొట్టి వైపు వీపు పెట్టి తిప్పుకున్నాడు. రోజూ అలాగే కూర్చుంటాడు. ఆ వీపును చూస్తూ స్వరూప జాకెట్లు కుట్టేది.

వీపు. మిషను చప్పుడు. నీళ్ల చప్పుడు.

శ్రావణం ముందు స్వరూప తల్లి జోగులమ్మకు వనపర్తి దవాఖానలో కంటి ఆపరేషన్ అయింది. తల్లిని గోపాల్‌పేటలో ఇంటికి చేర్చి, చుక్కల మందు వేయడం తమ్ముడి పెళ్లానికి నేర్పేదాకా ఉండాలి. పోయే ముందు పూజను తొట్టి దగ్గర నిలబెట్టింది. మేత చిటికెడు. లైటు పొద్దు గూకితే తీసెయ్యి. ఇంకేం చెయ్యకు.

"ఇంకేం చెయ్యాలి మరి?"

"ఏం చెయ్యకపోవుడే పని."

నాగేశ్ వీపు కదల్లేదు. విన్నాడు. విన్న వీపు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

తిరిగి వచ్చే రోజు బస్సు పెబ్బేరు దాటాక ఫోను మోగింది. పూజ ఫొటో పంపింది. కింద రాసింది: అమ్మా, పాచి మొత్తం పోయింది చూడు, ఎంత నీట్‌గ ఉందో. చేపలు మేతకు పైకొచ్చినయి. జర ఎక్కువ వేయాల్నా?

స్వరూప చూసింది.

పాచి లేదు.

ఆకుల అంచున నూలు లేదు. అద్దం మీద పొడి లేదు. అన్ని నెలలు బ్రష్షుతో చుట్టి చుట్టి తీసినా మూడో రోజుకు మళ్లీ మొలిచే ఆ పచ్చటి జుట్టు... ఒక్క పోగు లేదు. నీళ్లు తేటగా, పండగ నాటి గచ్చులా ఉన్నాయి. ఆమెకు నవ్వు వచ్చింది. పక్క సీటులో ఎవరూ తెలిసినవాళ్లు లేరు గాని, ఉంటే చూపించేది.

వేళ్లతో బొమ్మ పెద్దది చేసింది. ఇంకా చూడాలని.

అద్దం మీద నత్తలు లేవు.

నత్తలు ఎప్పుడూ అద్దం మీదే ఉంటాయి. ఇప్పుడు ఇసుక మీద ఉన్నాయి. పాకుతున్నట్టు కాదు, రాలినట్టు. చేపలన్నీ పైన ఉన్నాయి. నీటి పైపొరకు నోళ్లు ఆనించి. అది మేత అడిగే నోరు కాదు. ఊపిరి అడిగే నోరు.

నీళ్లు తేటగా లేవు.

నీళ్లు నీలంగా ఉన్నాయి.

ఫోను చేసింది. పూజ ఎత్తలేదు, ఫొటో పంపి కాలేజీ క్లాసులోకి పోయి ఉంటుంది. నాగేశ్‌కు చెయ్యడానికి వేలు పెట్టి, తీసేసింది. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి చాయ్ తాగాడు. ఎవరో మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని ఎక్కారు. దాని టికెట్టు గురించి కండక్టరుతో బేరం. అందరూ నవ్వారు.

స్వరూప కిటికీ ఊచ పట్టుకుంది. ఊచ వేడిగా ఉంది. వదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి చేపలు లేవు.

ఈదమ్మ గరిటెతో తీసి ప్రహరీ అవతల పారేసిందట. పిల్లి కూడా ముట్టలేదట. ఫిల్టరు మాత్రం తిరుగుతోంది, ఎవరి కోసమో. తోక ఊపే వాళ్లు లేని నీళ్లలో గడ్డి ఒక పక్కకు ఒరుగుతోంది. పట్టుకుంటే ఆకు వేళ్ల మధ్య మెత్తగా విడిపోయింది. ఉడికిన తోటకూరలా.

ఫిల్టరు నీళ్లు పడే చోట, సరిగ్గా ఆ ధార కింద, చిన్న మూట.

బట్ట ఆమెదే. జాకెట్ల లైనింగు కత్తిరింపుల సంచిలోంచి తీసిన తెల్ల ముక్క. లోపల నీలం రాళ్లు సగం కరిగి ఉన్నాయి. మైలుతుత్తం.

వరి మడిలో పాచి పడితే రైతు చేసే పనే ఇది. మైలుతుత్తం గోనెగుడ్డలో మూట కట్టి, మడిలోకి నీళ్లు వచ్చే మొగదల కట్టేస్తారు. వచ్చే నీళ్లు మూటను ఒరుసుకుంటూ వస్తాయి. మందు మడంతా పరుచుకుంటుంది. పాచి తెల్లబడి తేలిపోతుంది. వరికి ఏమీ కాదు.

ఎకరాల మడికి కట్టే మూట.

చేతులు చాపితే అందేంత తొట్టికి.

ఎక్కడ కట్టాలో కూడా వెతుక్కుని కట్టాడు. నీళ్లు వచ్చే మొగదల.

నాగేశ్ వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. స్వరూప మూటను తెచ్చి అతని ముందు, నీళ్ల డ్రమ్ము మూత మీద పెట్టింది. నీలం చుక్కలు కారాయి.

"ఎవరు కట్టిన్రు?"

అతను చెంబు పక్కన పెట్టాడు. "నేనే. దినాం పాచి పాచి అని పానం తోడుతుంటివి గదా. మా మడికి ఏం చేస్తమో నీ మడికి గదే చేసిన. పోయిందా లేదా?"

నెలల తర్వాత మొగుడు ఆమెతో నేరుగా అన్న మొదటి మాటలు. అందులో పొగరు ఉంది. ఏదో చేసిపెట్టినవాడి ధీమా కూడా ఉంది. ఒక్క క్షణం స్వరూపకు అనిపించింది, మంచికే చేశాడేమో. తెలిసిన మందు తెలిసినట్టు వేశాడేమో.

నమ్మితే బాగుండు అనిపించింది.

"చేపలు గూడ పోయినయి," అంది.

"చేపల సంగతి నాకేం ఎరుక. నేను వరి పండిస్త."

చేపల సంగతి.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె పొలానికి సద్ది తీసుకుపోయింది. మొగదల నీలం మూట వేలాడుతోంది. మడిలో వేలెడేసి చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. అయ్యో, పులుసుకు అయితాయి కదా అని ఆమె వంగింది. వంగిన చేతిని అతను వచ్చి పట్టుకున్నాడు. మందు తాగిన చేపలు, ముట్టకు అన్నాడు. మైలుతుత్తం కడితే మడిలో చేప మిగలదు, పీత మిగలదు, నత్త మిగలదు అని ఒక్కొక్కటే చెప్పాడు. బోరు దగ్గరికి తీసుకుపోయి ఆమె చేతులు తానే కడిగాడు. అతను చేతులు కడిగిన ఆ క్షణాన్నే ఆమె చాలా ఏళ్లు మనసులో దాచుకుంది.

చేప మిగలదు. పీత మిగలదు. నత్త మిగలదు.

స్వరూప అతని మొహం చూసింది. అతను చెంబు వైపు చూశాడు.

ఈదమ్మకు ఆ చూపు నచ్చలేదు. కొడుకు మీద పడే చూపు ఏదైనా ఆమె చీరకొంగుతో తుడిచేస్తుంది. "ఏందే గట్ల చూస్తవ్, మంచికే చేసిండు," అంది. "నేను గూడ అంటి, చేపలకు పడదేమోరా అని. పోతే పోనీ, ఇంట్ల పీడ పోతది అన్నడు గాని..."

ఆగిపోయింది.

మాట మాత్రం ఆగలేదు. వాకిట్లో నిలబడింది. ముగ్గురి మధ్య.

నాగేశ్ తల్లిని ఒక్క చూపు చూసి, చెప్పులేసుకుని బజారుకు పోయాడు.

స్వరూప మూటను డ్రమ్ము మీదే వదిలేసింది.

లోపలికి పోయింది. ఫిల్టరు ఆపింది. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉందా అని అప్పుడు తెలిసింది. కొంగు నడుముకు దోపుకుని, మోచేతుల దాకా చేతులు ముంచి, మొక్కలు ఒక్కొక్కటే పైకి తీసింది. మెత్తబడినవి మెత్తబడినట్టే వేళ్లలోంచి జారిపోయాయి. రాయిని పట్టుకున్న మందపాటి ఆకుల మొక్క గట్టిగానే ఉంది. గడ్డిలో కొన్ని మొదళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. వాటిని కుళాయి కింద కడిగింది. మళ్లీ కడిగింది. మళ్లీ.

పూజ కాలేజీ నుంచి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఫొటో తీసిన పిల్ల. చేపలు నోళ్లు తెరుస్తుంటే అందంగా ఉన్నాయని తీసిన పిల్ల. ఏడ్చింది. నాయిన మూట కడుతుంటే తానే స్టూలు పట్టుకున్నానని చెప్పింది. మందంటే మంచిదనుకుందట.

"నీకు తెల్వదు," అంది స్వరూప. ఆ మాట ఈ ఇంట్లో పూజ ఒక్కదానికే చెల్లుతుంది.

కొంచెం తేరుకున్నాక పూజ అడిగింది. "తొట్టిని మంచిగ కడిగి, నీళ్లు మార్చి, మొక్కలను మల్ల దీంట్లనే పెడదామమ్మా."

"ఎన్ని నీళ్లు మార్చినా కాదు. మందు ఇసుకలకు దిగింది. జర జర ఇడుస్తనే ఉంటది."

"మరి?"

స్వరూప పిండి కలిపే పెద్ద స్టీలు బేసిను తీసి, కొత్త నీళ్లు పోసి, బతికిన మొదళ్లను అందులో ఉంచింది. కిటికీ కింద పెట్టింది. తొట్టికి దూరంగా.

తర్వాతి రోజులు నిమ్మళంగా గడిచాయి. భయం పుట్టేంత నిమ్మళంగా.

లైటు గురించి తగువు లేదు. లైటే లేదు. ఈదమ్మ ముందు గదిలో కాళ్లు చాపుకుని, ఇప్పుడు గాలి ఆడుతోందని పొరుగామెతో అన్నది. నాగేశ్ కుర్చీని మామూలు వైపుకు తిప్పుకున్నాడు. తొట్టిని అమ్మేసి అక్కడ కూలరు పెడదామన్నాడు. పూజతో కాదు. తల్లితో కాదు. గాలిలోకి, అందరూ వినేలా. గెలిచినవాడు గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు. మామూలుగా మాట్లాడితే చాలు.

ఒక సాయంత్రం "చాయ్ పెట్టు" అని నేరుగానే అన్నాడు.

స్వరూప పెట్టింది.

అందరూ అనుకున్నారు, అయిపోయిందని.

వండుతోంది. వడ్డిస్తోంది. గిన్నెలు తోముతోంది. మధ్యలో కిటికీ దగ్గరికి పోయి బేసిను చూస్తోంది. అతను తాగే గ్లాసు ఆమె చేతుల్లోంచే పోతుంది. ఆమె తాగే బిందెలో అతని చెంబు మునుగుతుంది. ఒకే కుండ, ఒకే గరిటె, ఒకే నీళ్లు. ఇన్నేళ్లుగా అందులోనే ఊపిరి పీలుస్తోంది. ఏది ఎక్కడి నుంచి దిగుతోందో ఎప్పుడూ చూసుకోలేదు. ఒంట్లో బాగాలేదనుకుంది. వయసనుకుంది. తన నోరే చెడ్డదనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం.

జొన్న రొట్టెలు. గోంగూర పప్పు. ముగ్గురూ కింద కూర్చున్నారు. స్వరూప పొయ్యి దగ్గర నుంచి రొట్టెలు తెచ్చి వేస్తోంది. ఆ పొద్దుటే ఆమె అటక మీది ఒంటి పొయ్యిని దించి తుడవడం అందరూ చూశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"రేపటి సంది నా పొయ్యి వేరే," అంది.

గొంతు పెంచలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అంది.

"ముందు గదిల వండుకుంట. నా నీళ్ల బిందె గూడ వేరే. మీకు వండ."

అన్నదమ్ములు వేరు పడతారు. తండ్రీకొడుకులు వేరు పడతారు. మొగుణ్ని విడిచి పుట్టింటికి పోయిన ఆడవాళ్లూ ఉన్నారు. ఒకే కప్పు కింద మొగుడి నుంచి కుండ వేరు చేసుకున్న మనిషిని ఈదమ్మ తన పుట్టుకలో చూడలేదు.

"మందు పెడ్తమనుకుంటున్నవానె?" అంది.

"నేను అన్లే అత్తా. నువ్వన్నవు."

నాగేశ్ తల ఎత్తాడు. "ఇల్లిడిచి పోతవా ఏంది?"

"పోను. ఈడనే ఉంట."

బెదిరింపు అయితే అతను తిట్టేవాడు. ఏడుపు అయితే లేచి పోయేవాడు. ఇది రెండూ కాదు. దీనికి ఏ మందు కట్టాలో అతనికి తెలియలేదు.

"నేనేడ తినాలి అమ్మా?" పూజ మెల్లగా అడిగింది.

"నీకు ఇష్టమున్న కాడ తిను బిడ్డా."

పెనం మీది ఆఖరి రొట్టె తెచ్చింది. నాగేశ్ పళ్లెంలో వేసింది.

"ఇయ్యాల్టికి తినున్రి."

రొట్టె మీంచి ఆవిరి వణుకుతూ లేచింది. నాగేశ్ చెయ్యి రొట్టె దాకా వెళ్లి ఆగింది.

తుంచలేదు. వెనక్కి తీసుకోలేదు.